'మేడమ్, అరవకండి' అన్న గొంతు ఎవరిది?

పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన ఆరు పేజీల ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు 46 ఏళ్ళు. నగరంలో నూట పది ఇళ్ళున్న ఒక కాలనీలో 18 ఏళ్ళుగా కాపురం ఉంటూ, సాయంత్రాలు ఇంట్లోనే హైస్కూలు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతున్నారు. ఏడు వారాల కిందట ఒక రాత్రి ఆఖరి బ్యాచ్ వెళ్ళిపోయాక, ఎనిమిదిన్నర ప్రాంతంలో ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకుని వస్తుండగా, వీధి దీపం వెలగని మలుపులో ఒకే బండి మీద వచ్చిన ముగ్గురు కుర్రాళ్ళు ఆమెను అడ్డగించారు. హెల్మెట్ పెట్టుకున్నవాడు బండి దిగలేదు. ముఖానికి రుమాలు కట్టుకున్నవాడు మెడ దగ్గర కత్తి పెట్టి గొలుసు లాక్కున్నాడు. మంకీ క్యాప్ వేసుకున్న మూడోవాడు ఆమె చేతిలోని ఫోన్ తీసుకుంటూ, "మేడమ్, అరవకండి" అన్నాడు. నిమిషంలోపే అంతా అయిపోయింది. ఇంటికి వచ్చి, వణుకు కొంత తగ్గాక, ఆమె భర్తతో "ఆ మూడోవాడి గొంతు నాకు తెలిసినట్టుంది" అన్నారు. రెండేళ్ళ కిందటి దాకా తన దగ్గర చదువుకున్న, కాలనీ వెనక బస్తీలో ఉండే ఒక పిల్లవాడి పేరు కూడా ఆ ఊపులో నోటికి వచ్చింది.

ఫిర్యాదులో ఆమె ఆ మూడోవాడి గొంతు సంగతి రాయలేదు. మర్నాడు భర్త మాత్రం కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడితో చెప్పారు. మూడు రోజుల్లో పోలీసులు ఇరవై ఏళ్ళ యువకుణ్ణి ఒకణ్ణి పట్టుకున్నారు, ఆమె ఫోన్ అతని దగ్గర దొరికింది. అతనితో కలిసి తిరుగుతుంటాడని ఆ ట్యూషన్ పిల్లవాణ్ణి కూడా జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) బోర్డు ముందు హాజరుపరిచారు. అతనికి పదిహేడేళ్ళు. తొమ్మిదో రోజున బెయిల్ వచ్చి ఇంటికి చేరాడు. అప్పటి నుంచి కాలనీ ఉడికిపోతోంది. ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించమని ఇంటి యజమానికి వినతిపత్రం సిద్ధమైంది, మొదటి సంతకం ఆమెదే కావాలంటున్నారు. రాత్రిళ్ళు కర్రలతో గస్తీ తిరుగుతామని, కాలనీ మగపిల్లలందరినీ ఒకరోజు స్టేషన్‌కు తీసుకెళ్ళి భయం చెప్పిస్తామని సంఘం తీర్మానించింది. పదిహేడేళ్ళ ఆమె కొడుకు, సీసీటీవీ క్లిప్పుతో పాటు ఆ పిల్లవాడి పాత ట్యూషన్ గ్రూప్ ఫొటో మీద ఎర్ర గీత చుట్టి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పిల్లవాడి తల్లి వచ్చి గుమ్మంలో కూర్చుని, "ఆ రాత్రి వాడు ఇంట్లోనే ఉన్నాడమ్మా. మీ గొలుసు డబ్బులు నేను కట్టుకుంటాను, వాడి పేరు మాత్రం చెప్పకండి" అని ఏడ్చింది. వచ్చే వారం దర్యాప్తు అధికారి మళ్ళీ వాంగ్మూలం తీసుకోవడానికి వస్తున్నారు. "చెబితే గట్టిగా చెప్పు, లేదంటే వదిలెయ్. ఈ నాన్చుడు వల్ల పరువు పోతోంది" అంటున్నారు భర్త. ఆమె అడుగుతున్నది: "నేను ఏం చెప్పాలి? ఎవరి పక్షాన నిలబడాలి?"

ఇక నా జవాబు.

మీ ఉత్తరాన్ని రెండోసారి చదువుతూ నేనొక లెక్క వేసుకున్నాను, లెక్కల టీచరు కనుక మీకూ నచ్చుతుంది. మీరు భర్తతో అన్నది "గొంతు తెలిసినట్టుంది" అని. ఆయన అధ్యక్షుడితో అన్నది "మా ఆవిడ గుర్తుపట్టింది" అని. అధ్యక్షుడు స్టేషన్‌లో చెప్పింది "మేడమ్ గారి పాత స్టూడెంటే" అని. గ్రూపులో ఎవరో రాసింది "ప్రత్యక్ష సాక్షి ఉంది, ఇంకేం కావాలి" అని. నాలుగు నోళ్ళు మారేసరికి మీ వాక్యంలోని 'ఉంది' మిగిలి, 'తెలిసినట్టు' రాలిపోయింది. ఇప్పుడు అందరూ ఆ నాలుగో వాక్యాన్ని తెచ్చి మీ చేతిలో పెట్టి, ఇది మీదే, సంతకం చేయండి అంటున్నారు. మీ కలత చాలావరకు ఇక్కడ పుట్టిందని నాకు అనిపిస్తోంది. ఎవరి పక్షాన నిలబడాలి అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మీ మొదటి వాక్యం దగ్గరికి తిరిగి వెళదాం.

మీరు నిజంగా ఏం విన్నారు? "మేడమ్" అనే మాటను సాగదీసి, చివర కాస్త ముక్కుతో పలికే తీరు ఆ పిల్లవాడిదేనని రాశారు. అదే పేజీలో, "మా ట్యూషన్‌కు వచ్చే సగం మంది అలాగే పిలుస్తారు" అని కూడా రాశారు. రెండూ నిజమే అయి ఉండవచ్చు. కత్తి ఎదురుగా ఉన్నప్పుడు మనిషి చూపు, ధ్యాస ఆ కత్తికే అతుక్కుపోతాయన్నది పరిశోధకులు చాలాకాలంగా పరీక్షించి చూసిన సంగతి. 1987లో ఎలిజబెత్ లాఫ్టస్ బృందం కొందరికి వరుసగా స్లయిడ్లు చూపించింది. ఒక వరుసలో కొనుగోలుదారు కౌంటర్ దగ్గర తుపాకీ చూపిస్తాడు, రెండో వరుసలో చెక్కు అందిస్తాడు, మిగతాదంతా ఒకటే. తుపాకీ చూసినవారి కళ్ళు దాని మీదే ఎక్కువసేపు నిలిచాయి, మనిషిని గుర్తుపట్టడంలో వారు వెనకబడ్డారు. ఇక గొంతును గుర్తుపట్టడం ముఖాన్ని గుర్తుపట్టడం కన్నా బలహీనమైన ఆధారం. బాగా ఎరిగిన గొంతు అయితే కొంత మెరుగు, కాదనను. అయితే మీరు ఆ గొంతును రోజూ విన్నది అతనికి పదిహేనేళ్ళు నిండేలోపు, మగపిల్లల గొంతు ఇంకా కుదురుకుంటూ ఉండే వయసులో. ఆ రాత్రి విన్నదేమో రెండే మాటలు, అవీ మంకీ క్యాప్ లోంచి.

ఇదంతా మీరు పొరపడ్డారని చెప్పడానికి కాదు. మీరు పొరపడలేదేమో కూడా. నమ్మకం ఎంత బలంగా ఉంటే జ్ఞాపకం అంత సరైనదని మనం అనుకోవడం మాత్రం ప్రమాదకరం. 1984లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో అత్యాచారానికి గురైన ఒక కాలేజీ విద్యార్థిని, దుండగుడి ముఖాన్ని గుర్తుపెట్టుకోవాలని ఆ క్షణంలోనే సంకల్పించుకుని, పరిశీలనగా చూసి, ఆ తర్వాత ఒక యువకుణ్ణి నిస్సందేహంగా చూపించింది. పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక, 1995లో డీఎన్ఏ పరీక్ష అతను కాదని తేల్చింది. ఆమె అబద్ధమాడలేదు. ఫొటోల్లోంచి ఎంచుకున్నాక పోలీసులు మెచ్చుకోలుగా అన్న మాటలు, మళ్ళీ మళ్ళీ అదే ముఖాన్ని చూడటం ఆమె సందేహాన్ని నమ్మకంగా మార్చేశాయి. మీ విషయంలో ఆ పని ఏడు వారాలుగా మీ కాలనీ చేస్తోంది.

వాంగ్మూలం దగ్గర మీకు మూడు దారులున్నాయి.

అతనేనని గట్టిగా చెప్పడం మొదటిది. భర్త, సంఘం, బహుశా దర్యాప్తు అధికారి కూడా మీ నుంచి ఆశిస్తున్నది ఇదే. కాలనీలో మీకు కొన్నాళ్ళు గౌరవం దక్కుతుంది. కానీ మొదటి ఫిర్యాదులో ఈ సంగతి ఎందుకు లేదని అవతలి న్యాయవాది అడిగే తొలి ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలి. ఇక్కడ చట్టంలోని ఒక మెలిక మీకు తెలియాలి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 309వ సెక్షన్ కింద దోపిడీకి పదేళ్ళ వరకు శిక్ష ఉన్నా కనీస శిక్ష అంటూ లేదు. దోపిడీలో మారణాయుధం వాడితే 311వ సెక్షన్ వస్తుంది, దానికి ఏడేళ్ళకు తగ్గని శిక్ష ఉంది. మెడ దగ్గర కత్తి చూపి బెదిరించినా వాడినట్టే లెక్క. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం కనీస శిక్ష ఏడేళ్ళు, ఆపైన ఉన్న నేరమే 'హీనమైన నేరం', అంటే అత్యంత తీవ్రమైన వర్గం. 16 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లలపై అటువంటి ఆరోపణ ఉంటేనే బోర్డు ప్రాథమిక మదింపు చేసి, పెద్దవాడిగా విచారించేందుకు బాలల న్యాయస్థానానికి పంపే అవకాశం ఉంటుంది. గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు దాటినా కనీస శిక్ష లేని నేరాలు ఆ వర్గంలోకి రావని 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైగా 311వ సెక్షన్ ఆయుధం వాడిన మనిషికి వర్తించేది, పక్కన నిలబడినవాడికి దానంతట అది అంటుకోదు. కాబట్టి కత్తి ఎవరి చేతిలో ఉంది, మూడోవాడు ఏం చేశాడు, ఏం అన్నాడు అన్న మూడు ముక్కల్లో మీరు అటూ ఇటూ జరిపే ఒక్కో మాట, ఒక పదిహేడేళ్ళవాడు ఏ కోర్టులో నిలబడాలో నిర్ణయించే మాటగా మారవచ్చు.

నాకేమీ తెలియదు, నేను గొంతు గురించి ఏమీ అనలేదు అనేయడం రెండో దారి. తల్లి కన్నీళ్ళు మిమ్మల్ని ఇటు లాగుతున్నాయి. దీనివల్ల ఆమెతో మాట మిగులుతుంది, సంఘంతో చెడుతుంది. కానీ మీరు ఆ మాట అన్నారని నలుగురికి తెలుసు, రేపు మీ భర్తనూ అధ్యక్షుడినీ ప్రమాణం చేయించి అడిగితే మీ మాట, వారి మాట ఢీకొంటాయి. కోర్టులో తెలిసి అబద్ధం చెప్పడం నేరం కూడా. అంతకన్నా నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. నిజంగా ఆ మూడోవాడు ఇతనే అయితే, మీ మౌనం అతన్ని ఆ ఇరవై ఏళ్ళవాడి చేతుల్లోకే మళ్ళీ పంపుతుంది.

విన్నదాన్ని విన్నట్టు, సందేహాన్ని సందేహంతో సహా చెప్పడం మూడోది. "ఆ రెండు మాటలు వింటే ఫలానా పిల్లవాడి గొంతులా తోచింది. ముఖం చూడలేదు. అతనేనని చెప్పలేను. ఈ సంగతి ఫిర్యాదులో రాయకపోవడానికి కారణం, అప్పుడూ నాకు నిశ్చయం లేదు." ఇది నాన్చుడు కాదు. మీ భర్తకు అలా కనిపించడం సహజం, ఎందుకంటే ఈ మాట చెప్పినవారికి ఎవరూ చప్పట్లు కొట్టరు. సంఘం మీరు భయపడ్డారంటుంది, తల్లి మీరు పేరు చెప్పారంటుంది, దర్యాప్తు అధికారి కాస్త విసుక్కోవచ్చు. నా మొగ్గు ఇటే ఉందని దాచను. అయితే, చెవిలో మోగిన గొంతు మీది. పక్కన కూర్చుని ఉత్తరం చదివిన నాకు మీ కన్నా ఎక్కువ తెలుసని చెప్పలేను.

ఒక ఊరట ఏమిటంటే, ఈ కేసు మీ ఒక్క చెవి మీద నిలబడి లేదు. ఫోన్ దొరికింది. ఆ యువకుడి కాల్ రికార్డులు, ఆ రాత్రి ఎవరి ఫోన్ ఏ టవర్ కింద ఉందన్న సమాచారం, దారిలోని కెమెరాలు ఉన్నాయి. వాటిని వెతకడం పోలీసుల పని. మీ మాట బలంగా ఉందనిపిస్తే ఆ వెతుకులాట బద్ధకించే ప్రమాదం ఉంటుంది, మీ మాట ఉన్నంతే ఉంటే వారే వెతకాలి.

ఇంకో రెండు సంగతులు. వాంగ్మూలం కోసం మిమ్మల్ని స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు, మహిళలను వారు నివసించే చోటే విచారించాలని చట్టం చెబుతోంది. పోలీసులు రాసుకున్న ఆ వాంగ్మూలం మీద మీరు సంతకం పెట్టనక్కర్లేదు, అడిగినా పెట్టకండి. చదివి వినిపించమని మాత్రం తప్పక అడగండి, 'తెలిసినట్టు' అన్న మాట అందులో ఉందో లేదో చూసుకోండి. కోర్టు బోను తలచుకుంటేనే కాళ్ళు వణుకుతున్నాయని రాశారు. బాలల న్యాయస్థానానికి పంపితే తప్ప పిల్లవాడి విచారణ జరిగేది బోర్డులో. అక్కడ మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వారిలో ఒకరైనా మహిళ ఉండాలి. ఎత్తయిన వేదిక, సాక్షి బోను ఉండకూడదని నిబంధనలే చెబుతున్నాయి. ఇరవై ఏళ్ళవాడి కేసు మాత్రం విడిగా, మామూలు కోర్టులో నడుస్తుంది. ముందుగా ఒక న్యాయవాదితో కూర్చుని మాట్లాడాలనుకుంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

తల్లి విషయానికి వస్తాను. "గొలుసు డబ్బులు కట్టుకుంటాను" అన్న మాటను మీ భర్త నేరం ఒప్పుకున్నట్టే లెక్క వేశారు. నేను అలా వేయను. కొడుకు తప్పు చేశాడని తెలిసిన తల్లీ ఆ మాట అంటుంది, చేయలేదని నమ్మే తల్లీ ఊరంతా ఒకవైపు ఉంటే భయంతో ఆ మాటే అంటుంది. కానీ ఆ డబ్బు తీసుకోకండి. దోపిడీ మనలో మనం రాజీపడి మాఫీ చేసుకోగలిగే నేరాల్లో లేదు, పైగా నోరు విప్పనందుకు ప్రతిఫలం తీసుకోవడం దానికదే నేరం. ఆమెకు మీరు చేయగలిగిన మేలు వేరే చోట ఉంది. బోర్డు ముందుకు వచ్చిన ప్రతి పిల్లవాడి ఇల్లు, చదువు, సావాసాల గురించి ప్రొబేషన్ అధికారి ఒక సామాజిక నివేదిక తయారుచేస్తారు. రెండేళ్ళు మీ ఎదురుగా కూర్చుని చదువుకున్నవాడి గురించి మీకు తెలిసింది, మంచీ చెడూ, ఆయన అడిగితే చెప్పవచ్చు. మీ ఉత్తరంలోనే ఉంది: ఫీజు కట్టలేని నెలల్లో, చెప్పకుండానే వచ్చి బోర్డు తుడిచి, కుర్చీలు సర్దేవాడని. కేసులో సాక్షిగా చెప్పే మాటలోకి ఈ జ్ఞాపకాన్ని రానీయకండి. ఈ జ్ఞాపకానికి చోటు ఆ నివేదికలో ఉంది.

ఇక కాలనీ. మీ మీద ఎక్కువ ఒత్తిడి ఇక్కడి నుంచే కాబట్టి కొంచెం నిలిచి చూద్దాం.

పట్టుకున్నవాణ్ణి తొమ్మిది రోజుల్లో వదిలేశారన్న కోపం అర్థం చేసుకోదగినదే. అయితే పిల్లల విషయంలో బెయిల్ ఇవ్వడమే నియమం. విడుదల చేస్తే నేరగాళ్ళ సావాసంలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో బోర్డు భావిస్తేనే నిరాకరించాలని బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. లాకప్‌లోనూ జైల్లోనూ పెట్టే ప్రశ్నే లేదు. బెయిల్ అంటే నిర్దోషి అని తేల్చడం కాదు, కేసు మూతపడటం అంతకన్నా కాదు. ఈ ఒక్క ముక్క సంఘం సమావేశంలో ఎవరైనా ప్రశాంతంగా చెప్పి ఉంటే వినతిపత్రం ఊపు సగం తగ్గి ఉండేదేమో.

ఆ వినతిపత్రం మీద సంతకం పెట్టాలా అంటే, అది జరిగితే ఏమవుతుందో చూడండి. ఆ కుటుంబం మరో బస్తీకి మారుతుంది, తల్లి పనిచేసే ఇళ్ళు దూరమవుతాయి, పిల్లవాడు ఇంటర్ మధ్యలో ఆగిపోతాడు, బెయిల్ పత్రాల్లోని చిరునామా తప్పిపోతుంది. తల్లి కళ్ళెదుట ఉండాల్సినవాడు ఎవరి కళ్ళెదుటా ఉండడు. కాలనీకి ముప్పు తగ్గాలనుకుంటే ఇది ఆ లెక్కకు కూడా నిలవదు. మీ సంతకమే మొదట ఎందుకు కావాలంటున్నారో గమనించారా? మిగతా అరవై సంతకాల్లోని అనుమానానికి మీ పేరు రుజువు అవుతుంది. సంతకం పెట్టకపోతే వచ్చే మాటలు మీరు పడాలి, అది తక్కువ బరువు కాదు. "కేసులో నేను సాక్షిని, ఈ విషయంలో ఏ కాగితం మీదా సంతకం పెట్టడం మంచిది కాదు" అని ఒక్క వాక్యం చెప్పి ఊరుకోవచ్చు. అందులో అబద్ధం లేదు, ఎవరి మీదా నింద లేదు.

కర్రల గస్తీ గురించి మీ భర్త ఉత్సాహంగా ఉన్నారు. కళ్ళెదుట అలాంటి నేరం జరిగితే మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు, కానీ ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలని, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. పట్టుకోవడానికే అనుమతి, కొట్టడానికి లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకార్లతో దేశంలో ఎన్నిచోట్ల దారిన పోయేవారిని కొట్టి చంపారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ గుంపుల్లో చేతికి కర్ర తీసుకున్నవారు చాలామంది తమ వీధిని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు. రాత్రి పదకొండు గంటలకు మీ సందులోకి వచ్చే కుర్రాడు డెలివరీ బాయ్ కావచ్చు, బస్తీ పిల్లవాడు కావచ్చు, మీ అబ్బాయి స్నేహితుడే కావచ్చు. గస్తీ తప్పదనుకుంటే కర్రలు ఇంట్లో పెట్టి, టార్చిలైటు, విజిల్, 112 నంబరుతో తిరగమనండి.

పిల్లలందరినీ స్టేషన్‌కు తీసుకెళ్ళి భయం చెప్పించడం వినడానికి బాగుంటుంది. అమెరికాలో 1970ల నుంచి ఇదే పని పద్ధతిగా చేశారు. కుర్రాళ్ళను జైళ్ళకు తీసుకెళ్ళి, జీవిత ఖైదీల చేత గద్దించి చెప్పించారు. తర్వాత, వెళ్ళినవారినీ వెళ్ళనివారినీ పోల్చి చూస్తే, వెళ్ళినవారే ఎక్కువగా నేరాల్లో పడినట్టు తేలింది. కౌమారంలో తప్పటడుగు వేసినవారిలో ఎక్కువమంది ఇరవైలు దాటేసరికి తమంతట తామే ఆ దారి వదిలేస్తారన్నది దేశదేశాల నేర గణాంకాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే విషయం. ఆలోపు వారికి 'దొంగ' అన్న పేరు శాశ్వతంగా అంటుకుపోకుండా చూడటం మన చేతిలో ఉంటుంది.

అలాగని కాలనీ చేతులు కట్టుకు కూర్చోవాలని కాదు. ఆ మలుపులో వీధి దీపం ఏడు వారాల తర్వాత కూడా వెలగడం లేదని మీరే రాశారు! అన్ని తీర్మానాల్లో ఆ దీపం మాట లేదు. వెలుతురు పెరిగిన చోట నేరాలు తగ్గాయని పరిశోధనలు చెబుతున్నాయి, కర్రల గస్తీకి అంత పాటి ఆధారం కూడా లేదు. మునిసిపాలిటీకి ఒక అర్జీ, దాని మీద మీ మొదటి సంతకం. ఇది మీరు నిస్సంకోచంగా పెట్టగలిగినది.

మీ అబ్బాయి విషయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. చట్టం ముందుకు వచ్చిన పిల్లల పేరు, ఫొటో, బడి, చిరునామా, గుర్తుపట్టే ఏ వివరమూ ఏ రకంగానూ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అది అలా ఉంచండి. ఆ ఫొటో కేసుకే చెరుపు. రేపు గుర్తింపు పరేడ్ పెడితే, సాక్షులందరూ ముందే ఆ ముఖాన్ని ఎర్ర గీతతో చూశారని అవతలి న్యాయవాది నిరూపిస్తే చాలు, అది గాలికి పోతుంది. క్లిప్పు గ్రూపులో కాదు, దర్యాప్తు అధికారి దగ్గర ఉండాలి. కెమెరా రికార్డర్‌లో పాత దృశ్యాలు కొన్ని వారాల్లో చెరిగిపోతుంటాయి కాబట్టి అసలు రికార్డింగ్‌ను భద్రపరిచారో లేదో వెంటనే కనుక్కోండి.

అబ్బాయిని తిట్టకండి. అమ్మ మెడ మీద కత్తి పెట్టారని తెలిసిన పదిహేడేళ్ళవాడు ఏదో ఒకటి చేయకుండా ఎలా ఉంటాడు? చేతిలో ఫోన్ ఉంది, ఫొటో ఉంది. ఆ ఫొటో మీరూ చూశారు కదా, రెండో వరుసలో చివర నిలబడినది మీ అబ్బాయే. అదే పటాన్ని ముందు పెట్టుకుని అతనితో మాట్లాడండి. గ్రూపులోంచి అతని చేతనే తీయించండి, "నిర్ధారణ కాని విషయం పెట్టాను, దయచేసి ఎవరూ ముందుకు పంపవద్దు" అని అతని చేతనే రాయించండి. అప్పటికే ఎంతమందికి వెళ్ళిందో తెలియదు, అది మీ చేతిలో లేదు.

చివరి పేజీలో, వెనక నుంచి బండి చప్పుడు వినిపిస్తే ఒళ్ళు చల్లబడుతోందని, మూడు గంటలకు మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదని రెండు వాక్యాల్లో రాసి వదిలేశారు. ఏడు వారాలైనా తగ్గలేదంటే దానంతట అదే పోతుందని ఎదురుచూడకండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, అక్కడి నుంచి దగ్గరలోని మానసిక వైద్యులను చూపిస్తారు. కాలనీ న్యాయం, తల్లి కన్నీళ్ళు, కొడుకు ఫోన్ అన్నీ చూసుకుంటూ, దెబ్బ తగిలింది మీకేనన్న సంగతి ఇంట్లో ఎవరూ గుర్తు చేసుకున్నట్టు లేదు. మీ భర్తకు ఈ ఉత్తరం చూపించాలనిపిస్తే ఈ పేరా నుంచే చూపించండి.

ట్యూషన్ మళ్ళీ మొదలుపెట్టాలా అని అడిగారు. మీకు ఓపిక ఉంటే మొదలుపెట్టండి, ఆఖరి బ్యాచ్‌ను గంట ముందుకు జరపండి. బస్తీ నుంచి వచ్చే ముగ్గురు పిల్లల్ని మానిపించమని ఇద్దరు తల్లిదండ్రులు ఫోన్ చేశారన్నారు. ఆ ముగ్గురూ వచ్చే సోమవారం తలుపు దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక నిలబడి ఉంటారు. వాళ్ళను ఏ పేరు పెట్టి పిలిచి లోపలికి రమ్మంటారో, మిగతా పిల్లలు అది చూస్తారు.